డీజిల్ దిగిన బోరు మళ్లీ మనది కాదు

నీళ్లు, నిధులు, నియామకాలు అన్నాం. మూడింటిలో మొదటి మాట నీళ్లు. కృష్ణా, గోదావరుల్లో వాటా కోసం దశాబ్దాలు కొట్లాడి, 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నాం. మరి మన కాళ్ల కింది నీళ్లకు కాపలా ఎవరు?

2012, 2013లలో కరెంటు కోతలు, పవర్ హాలిడేల నడుమ పరిశ్రమలు డీజిల్ జనరేటర్ల మీదే బతికాయి. కోతలు తగ్గినా జనరేటర్లు పోలేదు. ఫ్యాక్టరీ, దవాఖాన, షాపింగ్ మాల్... ఎన్నోచోట్ల వెనుక గోడ చాటున డీజిల్ ట్యాంకో, డ్రమ్ములో ఉంటాయి. కింద ఒట్టి మట్టి, పక్కనే వాన కాలువ.

1934 పెట్రోలియం చట్టం ప్రకారం డీజిల్ ‘బి’ తరగతి సరుకు. మొత్తం నిల్వ 2500 లీటర్లు దాటకుండా, ఏ ఒక్క ట్యాంకూ 1000 లీటర్లు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు అక్కర్లేదంటే జాగ్రత్తా అక్కర్లేదనా?

మనది దక్కన్ రాతినేల. కారిన డీజిల్ మట్టిలోకి ఇంకి, రాతి పగుళ్ల వెంట పాకి, భూగర్భ జలం మీద తెట్టులా తేలుతుంది. ఏ బోరులో తేలుతుందో ముందుగా చెప్పడం కష్టం. పగుళ్లలో చిక్కిన నూనెను తీయడం ఏండ్ల పని. పటాన్‌చెరు, బొల్లారం రసాయనాలు నక్కవాగును చంపితే ఆ గోడు 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. విషం వేరు కావచ్చు, పాఠం ఒక్కటే. కోర్టు పరిహారం ఇప్పించగలదు, చెడిన బావిని బాగుచేసి ఇవ్వలేదు.

మేం అడుగుతున్నది కోట్ల ఖర్చు కాదు. ట్యాంకు చుట్టూ కారని సిమెంటు గట్టు కట్టాలి. ట్యాంకు మొత్తం పగిలినా ఆ డీజిలంతా పట్టి, ఇంకో పదోవంతు జాగా మిగలాలి. వాన నీళ్లు నిండకుండా పైన రేకులు వేయాలి. గట్టు వాల్వు మూసే ఉంచాలి. ట్యాంకర్ డీజిల్ దించేటప్పుడు మనిషి పక్కనే నిలబడాలి. రోజూ నిల్వ కొలిచి, జనరేటర్ తాగిన లెక్కతో సరిచూడాలి. లెక్క తప్పితే లీకేజీ ఉందేమోనని వెంటనే వెతకాలి. ఒలికితే పీల్చడానికి ఇసుక, రంపపు పొట్టు సిద్ధంగా ఉండాలి. తడిసిన ఇసుకను చెత్తకుప్పలో పోయకుండా ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి.

ఒకప్పుడు యజమాని పరాయివాడని తిట్టుకున్నాం. మనవాడైతే మాత్రం అతని డీజిల్ మంచినీళ్లవుతుందా? ఉద్యోగులారా, మీ ఆఫీసు వెనక్కి ఒక్కసారి పోయి చూడండి. ట్యాంకు చుట్టూ గట్టేదని యూనియన్ సమావేశంలో అడగండి. విద్యార్థులారా, మీ హాస్టల్ జనరేటర్ గది నుంచే మొదలుపెట్టండి. లెక్కల రిజిస్టర్ చూపమనండి. రాష్ట్రాన్ని అడిగి సాధించిన వాళ్లం. ఒక సిమెంటు గట్టును అడగలేమా?