పొరుగువారి ప్రాణాలు కాచే తలుపు

2017 జూన్ 14. అది రమజాన్ మాసం. లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌లో, నాలుగో అంతస్తులోని ఒక ఫ్లాటులో, అర్ధరాత్రి దాటాక ఫ్రిజ్ నుండి మంటలు లేచాయి. సహరీ కోసం మేల్కొని ఉన్న కొన్ని ముస్లిం కుటుంబాలు ఇరుగుపొరుగు తలుపులు తట్టి నిద్రిస్తున్నవారిని లేపాయి. అయినా ఆ ప్రమాదం 72 మందిని బలిగొన్నది.

వెలుపలి గోడలకు బిగించిన, సులభంగా మండే పలకల వల్ల మంటలు పైకి పాకాయన్న సంగతి లోకమంతా విన్నదే. అంతగా చర్చకు రాని మరొక లోపాన్ని కూడా విచారణ సంఘం ఎత్తిచూపింది. అది తలుపులకు సంబంధించినది. అనేక ఫ్లాట్ల తలుపులకు వాటంతట అవే మూసుకునే పరికరాలు లేవు, లేదా ఉన్నవి పనిచేయలేదు. ప్రాణభీతితో పరుగెత్తినవారి వెనుక ఆ తలుపులు తెరుచుకునే ఉండిపోయాయి. పొగ వాటిగుండా లాబీలలోకి, అక్కడి నుండి ఆ భవనానికున్న ఒకే ఒక్క మెట్లదారిలోకి ప్రవేశించింది. 30 నిమిషాలు మంటలను తట్టుకోవలసిన ఒక తలుపును ఆ తరువాత పరీక్షించగా, అది సుమారు 15 నిమిషాలకే విఫలమయింది.

అగ్నినిరోధక తలుపు అంటే ఎన్నటికీ కాలని తలుపు కాదు. 30, 60 లేదా 120 నిమిషాల వంటి నిర్ణీత కాలం మంటలను ఆపి, మనుషులు బయటపడేందుకు వ్యవధి ఇచ్చే తలుపు. దాని అంచులలో అమర్చిన ఒక పట్టీ వేడికి ఉబ్బి, తలుపుకూ ద్వారబంధానికీ నడుమ ఉన్న సందును పూడ్చివేస్తుంది. మరొక పట్టీ పొగను అడ్డుకుంటుంది. అగ్నిప్రమాదాలలో మంటల కన్నా పొగే ఎక్కువ ప్రాణాలు తీస్తుంది గనుక ఈ రెండో పట్టీ కూడా అంతే ముఖ్యం. అయితే తలుపు తెరిచి ఉంటే ఇవేవీ పనిచేయవు. పైన బిగించే క్లోజర్ అవసరం అందుకే.

గాలి కోసమనో, రాకపోకలకు వీలనో మెట్లదారి తలుపుకు ఇటుక అడ్డుపెట్టడం మన అపార్ట్‌మెంట్లలోనూ కనిపిస్తుంది. మూసుకునేటప్పుడు చప్పుడు చేస్తున్నదని క్లోజర్‌ను ఊడదీసేవారూ ఉన్నారు. ఇది చిన్న విషయం కాదు. పై అంతస్తులలోని వృద్ధులు, పసిపిల్లలు, గర్భిణులు దిగవలసినది ఆ మెట్ల మీదుగానే. ఇంగ్లాండులో 2023 జనవరి నుండి, 11 మీటర్లకు మించిన నివాస భవనాలలోని ఉమ్మడి తలుపులను మూడు నెలలకొకసారి తనిఖీ చేయాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. మనం అంతటి విపత్తు జరిగేదాకా ఆగవలసిన పని లేదు.

రాత్రివేళ తలుపులు మూయమని, దీపాలు ఆర్పి నిద్రించమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. పొరుగువారి హక్కులను ఎంతగానో నొక్కిచెప్పారు. మనం ఉండే భవనంలో మెట్లదారి తలుపులను ఒకసారి పరిశీలిద్దాం. తెరిచి వదిలితే తలుపు దానంతటదే పూర్తిగా మూసుకుంటున్నదా? పట్టీలు ఊడిపోకుండా ఉన్నాయా? మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, సైకిళ్లు అడ్డుగా ఉన్నాయా? లోపం కనబడితే సంక్షేమ సంఘం దృష్టికి తీసుకువెళదాం. నిప్పు అంటుకున్నప్పుడు అందరినీ వెంటబెట్టుకుని బయటపడి, వెనుక తలుపు మూయాలని మన పిల్లలకు నేర్పుదాం. అలా మూసిన తలుపు పై అంతస్తు వారికి దిగివచ్చే దారినీ, వ్యవధినీ మిగులుస్తుంది.