"63 సీసీ చేశాం" అంటే రెండు వేలు ఎక్కువ ఇవ్వాలా?

సెకండ్ హ్యాండ్ బ్రష్ కట్టర్ విప్పి చూపించిన వీడియో పెట్టాక చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఇక్కడ ఒకతను 52 సీసీ మిషన్‌ని 63 సీసీ చేశాను, పవర్ డబుల్ అయింది అంటున్నాడు. తీసుకోమంటారా?" అని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మిషన్ బాగుంటే తీసుకోండి. ఆ 63 అనే మాటకు మాత్రం రూపాయి కూడా ఎక్కువ ఇవ్వొద్దు. నిజంగానే ఇంజన్ మార్చి ఉంటే ధర ఇంకా తగ్గించి అడగండి.

నేనూ మోసపోయినవాణ్ణే. రెండేళ్ల కింద టౌన్‌లో ఒక షాపులో ఇదే మాట నమ్మి రెండు వేలు ఎక్కువ పెట్టి తెచ్చుకున్నాను. తొలకరి పడ్డాక మామిడి తోటలో గరిక, వయ్యారిభామ మోకాలెత్తు లేచిన టైమ్‌లో పిస్టన్ పట్టేసింది. కలుపు మందు కొట్టేవాళ్లకి మిషన్ ఆగిపోతే ఒక రోజు పని పోతుంది, అంతే. మందు ముట్టుకోం అని కూర్చున్న మనకి పది రోజులు ఆగితే సీజన్ పోతుంది. మా పక్క చేను బాబాయ్ ఆ ఏడాది అలాంటి పరిస్థితిలోనే, కూలీలు దొరక్క, మూడేళ్ల తర్వాత మళ్లీ మందు డబ్బా పట్టుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టలేకపోయాను.

పట్టేసిన ఇంజన్ విప్పి పిస్టన్‌ని వెర్నియర్‌తో కొలిస్తే 44 మిల్లీమీటర్లు. అంటే పుట్టినప్పటి 52 సీసీయే. పైన స్టిక్కర్ ఒక్కటే మారింది.

ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. బోర్‌ని బోర్‌తో గుణించి, స్ట్రోక్‌తో గుణించి, 0.7854తో గుణించి, వెయ్యితో భాగిస్తే సీసీ వస్తుంది. మన దగ్గర ఎక్కువగా తిరిగే చైనా రకం 52 సీసీ ఇంజన్‌కి బోర్ 44, స్ట్రోక్ 34. లెక్క వేస్తే 51.7. అదే స్ట్రోక్‌తో 43 సీసీ ఇంజన్‌కి బోర్ 40. ఇంజన్ మీద 1ఇ44ఎఫ్ అని ఉంటే అది సీరియల్ నంబర్ అనుకోకండి. ఒక సిలిండర్, టూ స్ట్రోక్, 44 మిల్లీమీటర్ల బోర్, గాలితో చల్లబడే ఇంజన్ అని అర్థం. 1ఇ40ఎఫ్ అని ఉండి పక్కనే 52 సీసీ స్టిక్కర్ ఉంటే బేరం ఆడక్కర్లేదు, లేచి వచ్చేయండి.

ఇప్పుడు 63 సంగతి. స్ట్రోక్ 34 అలాగే ఉంచి 63 సీసీ రావాలంటే బోర్ 48.6 ఉండాలి. అంటే నాలుగున్నర మిల్లీమీటర్ల పైనే పెరగాలి. "లేత్‌లో బోర్ చేయించాం" అంటారు. ఆర్‌ఎక్స్ 100, చేతక్ స్కూటర్ రోజుల నుంచి మన మెకానిక్‌లకి ఆ మాట అలవాటు. వాటికి లోపల పోత ఇనుము ఉండేది కాబట్టి అరిగితే కొంచెం కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేసేవాళ్లు. అది రిపేరే కానీ పవర్ పెంచడం కాదు. ఆర్‌ఎక్స్ 100కి బోర్ 50, స్ట్రోక్ 50. ఒక మిల్లీమీటర్ పెంచినా వచ్చేది నాలుగు సీసీ. మన బ్రష్ కట్టర్‌లలో ఎక్కువ వాటికి అల్యూమినియం సిలిండర్ లోపల పల్చటి గట్టి పూత మాత్రమే ఉంటుంది. లేత్‌లో పెడితే ఆ పూతే పోతుంది. పూత పోయిన సిలిండర్‌లో పిస్టన్ ఎన్నాళ్లుంటుంది? కాబట్టి నిజంగా పెంచాలంటే సిలిండర్, పిస్టన్ రెండూ మార్చాలి. మార్చినవాడి దగ్గర పాత సిలిండర్ ఉండాలి, కొత్తదాని బిల్లు ఉండాలి. "ఎక్కడో పడేశాం" అంటే మార్చలేదని లెక్క.

మిషన్ దగ్గరికి వెళ్లగానే ముందు సైలెన్సర్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే తిప్పి ఉంచాడన్నమాట. చల్లారే దాకా కూర్చుని టీ తాగండి. కోల్డ్ స్టార్ట్‌లోనే అసలు రంగు తెలుస్తుంది. స్విచ్ ఆఫ్ చేసి తాడు పిడి పట్టుకుని మిషన్‌ని మెల్లగా పైకెత్తండి. కంప్రెషన్ ఉంటే ఆగి ఆగి దిగుతుంది, లేకపోతే జర్రున జారిపోతుంది. గేజ్ ఉంటే ఇంకా మంచిది. 120 పైన చూపిస్తే ఆరోగ్యంగా ఉన్నట్టు, 90 లోపు అయితే స్టార్టింగ్‌కే చుక్కలు కనపడతాయి. (బైక్‌లకి వాడే పొడుగు పైపు గేజ్ చిన్న ఇంజన్‌కి తక్కువ చూపిస్తుంది. వాల్వ్ ప్లగ్ కొస దగ్గరే ఉన్నది వాడాలి. ఇది తెలియక నేను ఒక మంచి మిషన్‌ని వదులుకున్నాను.)

తర్వాత సైలెన్సర్ బోల్టులు విప్పించండి. వీడియోలో చూశారు కదా, రెండు నిమిషాల పని. ఆ కంతలోంచి టార్చ్ వేస్తే పిస్టన్ పక్క కనపడుతుంది. నిలువు గీతలుంటే ఒకసారి పట్టేసిన ఇంజనే. "కొత్త పిస్టన్ వేశాం" అన్న మాట నిజమో కాదో కూడా ఇక్కడే తేలుతుంది. విప్పనివ్వను అన్నాడంటే జవాబు వచ్చేసినట్టే.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష. "లీటర్‌కి ఆయిల్ ఎంత కలుపుతున్నావు తమ్ముడూ?" అని మామూలుగా అడగండి. 25కి 1 అయితే 40 మిల్లీలీటర్లు, 50కి 1 అయితే 20. ఇంజన్ మార్చానని గొప్ప చెప్పినవాడు "అందాజాగా ఒక మూత" అంటే ఆ ఇంజన్ ఎలా బతికిందో మీరే ఊహించుకోండి. మీ సొంత కొత్త ప్లగ్ వేసి పది నిమిషాలు లోడ్ మీద నడిపి తీసి చూడండి. గోధుమ రంగు అయితే సరే. తెల్లగా కాలి ఉంటే పెట్రోల్ తగ్గించి బిగించారు. అలా బిగిస్తే ఇంజన్ కీచుమని భలే తిరుగుతుంది, డెమోకి బాగుంటుంది, రెండు వారాల్లో పిస్టన్ పోతుంది. యాక్సిలరేటర్ వదిలాక కూడా స్పీడ్ వెంటనే దిగకపోతే ఎక్కడో గాలి లీక్ ఉన్నట్టు.

సరే, అన్నీ నిజమే అనుకుందాం. పోర్ట్‌లు పెద్దవి చేశాడు, సైలెన్సర్ లోపలిది తీసేశాడు. అప్పుడైనా మనకెందుకు? అలాంటి మార్పులతో బలం పై స్పీడ్‌కి వెళ్తుంది. వీడర్ అటాచ్‌మెంట్ పెట్టి తడి నేలలో తుంగని పెకలించడానికి మనకి కావాల్సింది కింది స్పీడ్‌లో లాగుడు. రేసు బండి కట్టి దున్నినట్టు ఉంటుంది. సైలెన్సర్ లోపలి జాలీ తీసేస్తే నిప్పురవ్వలు బయటికొస్తాయి. ఆచ్ఛాదన అని చెట్ల కింద ఎండుగడ్డి పరిచేది మనమే కదా! వేసవిలో ఒక్క రవ్వ చాలు.

ఇన్ని అడిగితే అతను ఏమనుకుంటాడో అని మొహమాటపడేవాళ్లు ఉన్నారు. మన బియ్యం ప్రకృతి వ్యవసాయంలో పండించినవే అంటే కొనేవాళ్లు ఊరుకుంటున్నారా? పొలం చూపించమంటారు, జీవామృతం ఎప్పుడు ఇచ్చావంటారు, ఫొటోలు అడుగుతారు. మొదట్లో నాకు కోపమొచ్చేది. ఇప్పుడు అడక్కముందే చూపిస్తున్నా.

పట్టేసిన ఆ మిషన్‌కి కొత్త సిలిండర్ కిట్ వేయించాను, అదే 44 సైజు. మొన్న పక్క ఊరి అబ్బాయి అడిగితే పాత సిలిండర్, బిల్లు ముందుపెట్టి, 63 స్టిక్కర్ గీకేసి ఇచ్చాను. అయినా నా ముందే సైలెన్సర్ విప్పించి టార్చ్ వేసి చూశాడు. ఆ వీడియో కింద పెడుతున్నాను, చూడండి.