ఎలక్ట్రానుకు ఒక దారి, అయానుకు ఒక దారి

పిల్లలూ! హైదరాబాదులో గచ్చిబౌలి కూడలిని మీలో చాలామంది చూచే ఉంటారు. చూడనివారు ఊహించుకోండి. పైన ఫ్లైఓవరు మీద కార్లు ఆగకుండా పోతూ ఉంటాయి. కింద దారిలో బస్సులు, ఆటోలు, రోడ్డు దాటే మనుషులు! పైవారూ కిందివారూ ఒకే వైపుకు పోతున్నా, ఒకరి దారికి ఒకరు అడ్డురారు.

ఆ దారిన పోయే ప్రతివారి జేబులోనూ ఒక ఫోను ఉంటుంది గదా! దానిలోని బాటరీలో కూడా ఇలాంటి దారులే రెండున్నాయి. ఒకదానిలో ఎలక్ట్రానులు నడుస్తాయి, రెండోదానిలో అయానులు నడుస్తాయి. ఎవరి దారిన వారు పోయినంతకాలం ఫోను పలుకుతుంది, విద్యుత్ స్కూటరు పరుగెత్తుతుంది. దారులు కలిసిపోతే మాత్రం కొంప అంటుకుంటుంది. అది ఎలాగో ఈ నెల తెలుసుకుందాం.

ముందు మన వంటింటి ఉప్పు సంగతి చూడండి. ఉప్పులో ఉన్నవి రెండే మూలకాలు. ఒకటి సోడియం, రెండోది క్లోరిను. సోడియం పరమాణువులో 11 ఎలక్ట్రానులున్నాయి. వాటిలో అన్నిటికన్న పైన ఒక్కటే ఒంటరిగా తిరుగుతూ ఉంటుంది. దాన్ని ఎవరికైనా ఇచ్చేస్తే సోడియానికి నెమ్మది. క్లోరిను పరమాణువులో 17 ఎలక్ట్రానులు. దానికి ఇంకొక్కటి దొరికితే పై వరస నిండుతుంది. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ! ఇంకేముంది? సోడియం ఇస్తుంది, క్లోరిను పుచ్చుకుంటుంది.

ఎలక్ట్రాను ఋణ విద్యుత్తు గల కణం. దాన్ని పోగొట్టుకున్న సోడియం ధన విద్యుత్తు గలదవుతుంది. పుచ్చుకున్న క్లోరిను ఋణ విద్యుత్తు గలదవుతుంది. ఇలా విద్యుత్తు పొందిన పరమాణువులనే అయానులంటారు. ధనమూ ఋణమూ ఒకదాన్నొకటి ఆకర్షించుకుని గట్టిగా పట్టుకుంటాయి. ఆ పట్టుకే రసాయన బంధం అని పేరు. మీరు పప్పులో వేసుకునే ఉప్పురవ్వలో ఇలాంటి జంటలు కోటానుకోట్లు.

అయితే ఒక్క సంగతి. సోడియం ముక్కను వేడిచేసి క్లోరిను వాయువులో పెడితే అది పసుపుపచ్చని కాంతితో భగ్గున మండి మరీ ఉప్పవుతుంది. ఎలక్ట్రానును ఎదురుగా ఉన్నవాడి చేతిలో నేరుగా పెట్టేసింది గదా, అందులోని శక్తి అంతా ఒక్కసారిగా వేడిగా, వెలుగుగా బయటపడింది.

మరి ఇచ్చేవాడినీ పుచ్చుకునేవాడినీ కాస్త ఎడంగా ఉంచి, ఎలక్ట్రానును తీగ గుండా చుట్టు తిప్పి పంపితే? అప్పుడది దారిలో మన పని చేసిపెడుతుంది. బాటరీ రహస్యమంతా ఇంతే: నేరుగా ఇస్తే మంట, చుట్టు తిప్పి ఇస్తే పని!

ఇది మీరు ఇంట్లోనే చేసి చూడవచ్చు. నాలుగు నిమ్మకాయలు, జింకు పూత ఉన్న మేకులు నాలుగు, పైతొడుగు తీసేసిన రాగితీగ ముక్కలు నాలుగు తెచ్చుకోండి. ప్రతి కాయలోనూ ఒక మేకును, ఒక రాగిముక్కను ఒకదానికొకటి తగలకుండా గుచ్చండి. ఒక కాయలోని మేకును పక్క కాయలోని రాగిముక్కకు తీగతో కలపండి. ఇలా వరసగా కలుపుకుంటూ పోతే చివరకు ఒక కొసను రాగి, మరో కొసను మేకు మిగులుతాయి. వాటి మధ్య చిన్న ఎర్ర ఎల్.ఇ.డి. బల్బు పెట్టండి. బల్బుకున్న రెండు కాళ్ళలో పొడుగుది రాగి వైపు ఉండాలి. గదిలో దీపం ఆర్పి చూడండి. బల్బు సన్నగా మినుకుమంటుంది!

ఏం జరిగిందంటారా? ప్రతి జింకు పరమాణువూ రెండేసి ఎలక్ట్రానులను మేకులో వదిలి, తాను అయానుగా మారి నిమ్మరసంలోకి దిగింది. ఎలక్ట్రానులు తీగ వెంబడి, బల్బు మీదుగా రాగిని చేరాయి. అక్కడ రసంలోని హైడ్రోజను అయానులు వాటిని పుచ్చుకున్నాయి. ఎలక్ట్రానులది బయటిదారి, అయానులది లోపలి దారి. నిమ్మకాయ అసలు బలమివ్వలేదు. ఇచ్చినది జింకు, పుచ్చుకున్నది రసంలోని హైడ్రోజను.

ఇప్పుడు ఒక కాయలో మేకునూ రాగినీ ఒకదానికొకటి తగిలించండి. బల్బు కాంతి తగ్గిపోతుంది. ఆ కాయలోని ఎలక్ట్రానులకు దగ్గరదారి దొరికింది. ఇక బల్బు దాకా పోవడం ఎందుకు? దీన్నే షార్టుసర్క్యూటు అంటారు. నిమ్మకాయలో శక్తి బహు కొంచెం గనుక ప్రమాదమేమీ లేదు. (పని అయిపోయాక ఆ కాయలను పారవేయండి. లోహం కరిగిన రసం తినకూడదు.)

ఇక ఫోను బాటరీకి వద్దాం. అందులో ఇచ్చేది లిథియం. లోహాలన్నిటిలోకీ తేలికైనది. దాని పరమాణువులో ఎలక్ట్రానులు మూడే, పైన ఉన్నది ఒక్కటే. బాటరీ నిండుగా ఉన్నప్పుడు లిథియం ఒక వైపున గ్రాఫైటు పొరల మధ్య కాపురముంటుంది. గ్రాఫైటంటే మీ పెన్సిలు ములుకులో ఉండేదే. ఫోను వాడేటప్పుడు లిథియం తన ఎలక్ట్రానును బయటిదారిన పంపి, తాను అయానై లోపలి ద్రవం గుండా అవతలి పలకకు పోతుంది. ఎలక్ట్రాను ఫోనునంతా తిరిగి పనిచేసి, అదీ ఆ పలకకే చేరుతుంది. ఛార్జి పెట్టినప్పుడు ఇద్దరూ మళ్ళీ వచ్చిన దారినే వెనక్కు పోతారు. మేకులోని జింకు ఖర్చయిపోతుంది గాని, ఈ లిథియం ఇలా వందలసార్లు రాకపోకలు చేయగలదు.

ఇలాంటి బాటరీని 1991లో జపానులోని సోనీ వారు మొదటిసారిగా అమ్మకానికి పెట్టారు. దీనికి దారి చూపినందుకు గుడెనఫ్, విటింగ్‌హాం, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడెనఫ్‌గారి వయస్సు 97 ఏళ్ళు. అంతటి వయస్సులో నోబెల్ బహుమతి అందుకున్నవారు అంతకుముందు లేరు!

ఆ రెండు పలకల మధ్య ఒక ప్లాస్టిక్ తెర ఉంటుంది. మీ తలవెంట్రుక కన్న పలుచన. దానిలోని సన్నని రంధ్రాల గుండా అయానులు దూరిపోతాయి గాని, పలకలు రెండూ తగులుకోవు. ఫోనుకూ, స్కూటరుకూ, బస్సుకూ కూడా కాపలా ఆ తెరే. బాటరీ నలిగినా, మేకు దిగినా, మితిమీరి వేడెక్కినా, తగని ఛార్జరు పెట్టినా ఆ తెర చిరగవచ్చు, కరగవచ్చు. అప్పుడు పలకలు తగులుకుని, ఎలక్ట్రానులు దగ్గరదారి పడతాయి. వేడి పుడుతుంది. ఆ వేడికి పక్క ఘటం, దాని వేడికి ఆ పక్కది! లోపలి ద్రవం కూడా మండే గుణం కలదే.

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణమున్న ఒక భవనం అంటుకుంది. పొగ పై అంతస్తులలోని హోటలు గదులకు పాకింది. ఎనిమిదిమంది ప్రాణాలు పోయాయి. కనుక ఈ నాలుగు మాటలు అమ్మకూ నాన్నకూ కూడా చదివి వినిపించండి.

స్కూటరు బాటరీని మెట్ల దగ్గరా, గుమ్మానికి అడ్డంగానూ పెట్టి ఛార్జి చేయకూడదు. నిప్పు పుడితే బయటికి పోయే దారి అదే గదా! అందరూ నిద్రపోతూ ఉండగా ఛార్జి పెట్టి వదలకూడదు. ఫోనును దిండు కింద పెట్టుకోరాదు. ఉబ్బిన బాటరీని నొక్కడం, పొడవడం, ఛార్జి చేయడం కూడదు, పెద్దలకు చెప్పాలి. పాత బాటరీని చెత్తబుట్టలో వేయవద్దు. 2022 నాటి నిబంధనల ప్రకారం పాతవాటిని తిరిగి తీసుకునే బాధ్యత తయారుచేసినవారిదే. పొగ కనిపిస్తే ఆర్పడానికి ఆగకుండా అందరూ బయటికి వచ్చి 101కి గాని, 112కి గాని ఫోను చేయాలి.

ఇదంతా విని బాటరీ అంటే భయపడకండి. పొయ్యిలో నిప్పు కూడా ప్రమాదమే, అయినా అన్నం వండుకుంటున్నాం గదా! మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వారి లిథియం ఘటాల కర్మాగారానికి 2023లో శంకుస్థాపన జరిగింది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో ఉంది; అక్కడ రసాయనశాస్త్రం చదువుకోవచ్చు. చిరగని తెరనూ, మండని ద్రవాన్నీ కనిపెట్టవలసిన పని ఇంకా మిగిలే ఉంది. అది మీలో ఎవరికోసం ఎదురుచూస్తున్నదో!

చివరగా ఒక ప్రశ్న. నిమ్మకాయలన్నిటిలోనూ మేకుకు బదులు మరో రాగిముక్కనే గుచ్చితే బల్బు వెలుగుతుందా? ఎందుకో ఆలోచించండి. తోచకపోతే, ఇచ్చేవాడెవడు, పుచ్చుకునేవాడెవడు అని మిమ్మల్ని మీరే అడిగి చూడండి.