కాయ ఆగితే మనమూ ఆగొచ్చు

పోయిన వేసవిలో మా వదిన బాగేపల్లి దగ్గర హైవే పక్కన మామిడికాయలు పెట్టుకుని కూర్చుంది. చింతామణి పక్కన మా మామగారి తోటలో కాసిన బేనిషా, 10 క్రేట్లు. మూడోనాటికి తొడిమల దగ్గర నలుపు దిగింది. ఐదోనాటికి సగం కుళ్ళు. మిగిలిన కాయను ఒక దళారి కిలో 8 రూపాయలకు అడిగినాడు. "ఇయ్యకుంటే రేపు ఆవులకేసుకుంటావు చూడమ్మా" అన్నాడు. ఆయమ్మ ఇచ్చేసింది. వాడన్నది నిజమే, అదీ బాధ. కాయ ఇంకో నాలుగు రోజులు ఆగుంటే వదిన కూడా ఆగుండేది.

ఈ సంవత్సరం నేను మిల్లుకు రెండు రోజులు లీవు పెట్టి చిక్కళ్ళాపురం నుంచి కోతకు పోయినాను. ముందు కొమ్మలు దులిపేది మాన్పించినాను. కింద పడిన కాయకు పైన దెబ్బ కనపడదు, లోపల మెత్తబడుతుంది. ఎండ ఎక్కకముందే చిక్కం గెడతో, తొడిమ అంగుళమన్నా ఉండేట్టు కోసినాం. తొడిమ మొదలంటా ఊడితే సొన కారి తోలు కాలుతుంది, కుళ్ళుకు దారి అక్కడే. నీడకు తెచ్చి, తొడిమ కురచగా కత్తిరించి, కాయలు నేలకు తగలకుండా బోర్లించి సొన కారనిచ్చినాం. కోసినాక కూడా కాయ ఊపిరి తీస్తానే ఉంటుంది. ఎండలో పెడితే ఆ ఊపిరి ఎక్కువై తొందరగా మాగిపోతుంది.

ఇంక వేడినీళ్ళు. నల్లమచ్చ తెచ్చే బూజు పిందెనాడే తోలులో చేరి నిద్రపోతుంది, కాయ మాగేటప్పుడు లేస్తుంది. 52 డిగ్రీల నీళ్ళలో 10 నిమిషాలు ముంచితే చాలామటుకు చస్తుంది. చెయ్యి పెట్టి అంచనా వేయొద్దు, థర్మామీటరు కొనండి. నేను మొదటి బుట్టను అంచనాతోనే ముంచి తోలు ఉడకబెట్టుకున్నాను! తీసినాక చల్లారబెట్టి, తడి ఆరినాకే క్రేటులో పెట్టాల. బెంగళూరు పక్కన హెసరఘట్టలో ఉద్యాన పరిశోధన సంస్థ ఉండాది. ఇంత దగ్గరుండీ ఇన్నేండ్లలో మన లైన్లలోంచి ఒకరన్నా పోయి అడిగినామా?

ఇంట్లో అక్కలకు ఒక మాట. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టొద్దు. 12, 13 డిగ్రీలకంటే చల్లబడితే మామిడి సరిగా మాగదు, తోలు గుంటలు పడుతుంది. అరటికాయకూ అంతే, తోలు నల్లబడుతుంది. మాగిన మామిడైతే రెండు మూడు రోజులు పెట్టుకోవచ్చు. కార్బైడు జోలికి అసలు పోవద్దు, దాంతో మాగబెట్టడం మన దేశంలో నిషేధం. పైన పసుపు, లోపల పులుపు. మనకు వరిగడ్డి చాలదా?

ఈసారి కూడా రెండు క్రేట్లు పోయినాయి. నేను చూడనప్పుడు పిల్లోళ్ళు దులిపిన కాయలవి. తక్కినవి తొమ్మిదోనాటికీ గట్టిగా ఉండినాయి. ఆ దళారే మళ్ళీ వచ్చి రేటు చెప్పినాడు. వదిన కాయల మీద గోనెపట్ట సర్దుకుంటా, "ఎల్లుండి రాన్నా, చూద్దాం" అనింది.