కొట్టంలో పిడుదు, ఇంటికి జ్వరం

పుదుచ్చేరి శివార్లలో ఆవు మేత మానేసి, కాఫీ డికాషన్ రంగులో మూత్రం పోస్తే అనుభవమున్న పశువైద్యుడు ముందు చెవుల లోపల, పొదుగు పక్కన, తోక కింద వెతుకుతాడు. పిడుదులు పట్టేది అక్కడే. చెవి దగ్గర తీసిన నెత్తుటి చుక్కను గాజు పలకపై పూసి రంగు వేస్తే, ఎర్ర కణంలో జంటగా బబీసియా అనే క్రిమి కనిపిస్తుంది. అది కణాన్ని పగలగొట్టుకుని మరో కణంలో దూరుతుంది. పగిలిన కణాల ఎరుపే మూత్రంలోకి దిగుతుంది. తల్లి పిడుదు నుంచి గుడ్లకూ ఈ క్రిమి సంక్రమిస్తుంది కాబట్టి కొత్త తరం పుట్టుకతోనే రోగాన్ని మోసుకొస్తుంది.

పిడుదే ఈ రోగాన్ని మోస్తుందని అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ 1893లో రుజువు చేశారు. సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా దోమ గుట్టు విప్పింది ఆ తర్వాత నాలుగేళ్లకు.

పిడుదే మోసే మరో క్రిమి థైలీరియా ఇంకా మొండిది. భుజం ముందు బిళ్లలు ఉబ్బుతాయి, జ్వరం దిగదు. ఒంగోలు లాంటి నాటు జాతులు కొంత తట్టుకుంటాయి. పాల కోసం పెంచే జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు కుదేలవుతాయి. హైదరాబాదులో తయారయ్యే టీకా ఉంది, బుపార్వాక్వోన్ సూది ఉంది. అయినా సూది ఖర్చు, పాలు ఎండిపోవడం రెండూ ఒకేసారి మీద పడితే రెండావుల రైతు ఎలా నిలబడతాడు?

మనుషుల సంగతిలో అతి భయం వద్దు. మన పశువుల బబీసియా మామూలుగా మనిషికి సోకదు. 1957లో యుగోస్లావియాలో బయటపడిన తొలి మానవ రోగికి ప్లీహం లేదు. నాకు ఆందోళన మరోచోట. కుక్కల ఒంటిపై, గోడ పగుళ్లలో బతికే గోధుమరంగు పిడుదు రికెట్సియా బ్యాక్టీరియాను మనిషికి ఎక్కించగలదు. డాక్సీసైక్లిన్‌తో లొంగే ఆ జ్వరం, పోల్చుకోవడం ఆలస్యమైతే ప్రాణం తీస్తుంది. కుక్కకు మందు రాసి గోడ పగుళ్లు వదిలేస్తే వ్యవహారం మళ్లీ మొదటికే వస్తుంది. పిడుదును గోళ్లతో నలపడం, కిరసనాయిలు పోయడం మానాలి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి.

కురుంబాపేటలో పశువైద్య కళాశాల, గోరిమేడులో జిప్మర్ ఆసుపత్రి, ఇందిరానగర్‌లో 1975 నాటి కీటక నియంత్రణ పరిశోధన కేంద్రం. మూడూ పుదుచ్చేరిలోనే ఉండటం ఎన్ని జిల్లాలకు దక్కే భాగ్యం? ఏ వీధిలో పశువులకు, కుక్కలకు పిడుదు రోగాలు ఎక్కువయ్యాయో ఆ కబురు అదే వారంలో మనుషుల వైద్యులకు చేరాలి. జ్వరం రోగి కేసు షీటులో ‘ఇంట్లో ఆవు, కుక్క ఉన్నాయా? పిడుదు కుట్టిందా?’ అన్న వరుస అచ్చులోనే ఉండాలి.