గళ్ళలో వెలయు దారి

1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు ముట్టడించిన పోలీసు ఠాణాకు నెలవైన రాజవొమ్మంగి మన్యములో, అడవిబాటలను చిన్ననాటనే ఎఱిగిన మనుష్యుడు, రోగార్తయైన తల్లిని వెంటబెట్టుకొని పట్టణములోని పెద్దాసుపత్రికి వచ్చి, చీటీ చేతబట్టుకొని ఎక్స్‌రే గది కొఱకు అంతస్తు వెంట అంతస్తు తిరుగుచుండుట మనము సహింపదగిన విషయము కాదు.

దీనికి ఉపాయము కలదు. నేటి పెద్ద భవనములు పెక్కు ముందుగా కంప్యూటరులో త్రిపరిమాణ నమూనాలుగా రూపొందుచున్నవి; గోడ, తలుపు, మెట్లు, వాలుబాట వేర్వేరుగా నమోదగుటకు ఐ.ఎఫ్.సి. అను సార్వత్రిక రూపము కలదు. ఆ నమూనాను చదరపు గళ్ళుగా విభజించి, గోడ తగిలిన గడిని నిషిద్ధముగను, ఖాళీ గడిని సంచారయోగ్యముగను గుర్తించినచో, 1959లో డైక్‌స్ట్రా ప్రకటించిన గణనపద్ధతి వాని నడుమ హ్రస్వతమ మార్గమును చూపగలదు. అయితే మర్మమంతయు గడి కొలతయందే యున్నది. 90 సెంటీమీటర్ల ద్వారము 50 సెంటీమీటర్ల గళ్ళపై సరిగా కుదురనిచో, దాని నడుమనున్న రెండు గళ్ళకును చెఱియొక వైపున గోడ తగిలి, తెఱచియున్న తలుపు లెక్కలో మూతపడును. 10 సెంటీమీటర్ల గళ్ళు గీచినచో తలుపు తెఱచుకొనును గాని గళ్ళసంఖ్య 25 రెట్లగును. ఆ శ్రమ పడవలసినదే. స్ట్రెచరుపైనున్న రోగికి మెట్లగడులను నిషేధించి వాలుబాటను చూపని లెక్క ఆసుపత్రికి పనికిరాదు.

కావున ప్రభుత్వాసుపత్రి నిర్మాణమునకు టెండరు పిలుచునపుడే, నమూనాతోపాటు ఈ గళ్ళపటమును, చదువురాని వానికి తెలుగుమాటలో దారి చెప్పు ఏర్పాటును గుత్తేదారు అప్పగింపవలెనను షరతును ప్రభుత్వము చేర్చవలెను.