కట్టు కట్టి పంపితే సరిపోదు

‘మెట్ల మీంచి జారిపడ్డానండీ’. ప్రభుత్వాసుపత్రి ఓపీకి కొత్త కాని మాట ఇది. జబ్బ మీద నాలుగు వేళ్ల అచ్చు కమిలి కనిపిస్తూనే ఉంటుంది. పక్కన భర్తో, అత్తగారో నిలబడి ఉంటారు. డాక్టరు ఆమెను ఒకసారి, వెనకున్న క్యూను ఒకసారి చూస్తారు. టీటీ ఇంజెక్షన్, నొప్పి మాత్రలు రాసి చీటీ చేతిలో పెడతారు. ఆమె మళ్లీ ఆ ఇంటికే వెళ్తుంది. కొన్నాళ్లకు మరో గాయంతో తిరిగొస్తుంది. ఒకే వీధి నుంచి మలేరియా రోగులు వరసగా వస్తుంటే ఆ వీధిలో దోమల మందు కొట్టిస్తాం. ఈమె గాయం ఎక్కడి నుంచి వస్తోందని మాత్రం ఎవరూ అడగరు.

హింస ప్రజారోగ్య సమస్యేనని ప్రపంచ ఆరోగ్య సభ 1996లోనే తీర్మానించింది. మన ప్రభుత్వాలు మాత్రం దాన్ని ఇప్పటికీ పోలీసు స్టేషన్ గడపలోనే వదిలేశాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భర్త చేతిలో హింసకు గురైన వివాహితలు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ప్రతి ముగ్గురిలో ఒకరికి ఏ జ్వరమో సోకితే ఈపాటికి ఇంటింటి సర్వేలు, ప్రత్యేక వార్డులు, రోజువారీ బులెటిన్లు వచ్చేవి. అంతకంటే కలచివేసే లెక్క మరొకటుంది. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్న మహిళలు రెండు రాష్ట్రాల్లోనూ 83 శాతానికి పైనే. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందనే సామెతను తరతరాలుగా చెప్పుకుంటున్న సమాజం మనది. దెబ్బను మామూలు సంగతిగా నేర్పింది మనమే.

దేశంలో హింసకు గురైన స్త్రీలలో ఎవరినైనా సాయం అడిగినవారు 14 శాతమేనని ఆ సర్వే తేల్చింది. మిగిలినవారు స్టేషన్ మెట్లెక్కరు. కానీ ఆసుపత్రికి వస్తారు. విరిగిన చేయితో, గర్భస్రావంతో, నిద్ర పట్టని రాత్రులతో, తగ్గని తలనొప్పితో వస్తారు. కాన్పు పరీక్షలకు నెలనెలా వస్తారు. వారికి తెరిచి ఉన్న తలుపు అదొక్కటే. అక్కడా ముఖం తిప్పుకుంటే ఇక వెళ్లేదెక్కడికి?

చట్టం లేదనడానికి వీల్లేదు. గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. సాయం కోరిన బాధితురాలికి అప్పటికి గృహహింస నివేదిక నమోదై ఉండకపోతే, ఆసుపత్రి బాధ్యులే ఫారం-1 నింపి రక్షణ అధికారికి పంపాలని దాని నిబంధనలు ఆదేశిస్తున్నాయి. ఈ విధి తమదేనని ఎందరు సూపరింటెండెంట్లు గుర్తిస్తున్నారు? ఆ ఫారాలు ఎన్ని ఆసుపత్రుల్లో ఉన్నాయి? ఆరోగ్య శాఖలు జవాబు చెప్పాలి.

రద్దీలో డాక్టర్లకు తీరిక లేదన్నది నిజమే, కానీ అది సాకు కారాదు. ముంబై బాంద్రాలోని భాభా ఆసుపత్రిలో 2000లోనే నగరపాలక సంస్థ, ‘సెహత్’ సంస్థ కలిసి ‘దిలాసా’ కేంద్రం తెరిచాయి. ఆసుపత్రి సిబ్బందికే శిక్షణ ఇచ్చాయి. గాయం తీరు చూసి అనుమానించడం, వెంట వచ్చినవారిని బయట కూర్చోబెట్టి ఏకాంతంగా అడగడం, కౌన్సెలర్ దగ్గరికి పంపడం వారి పని. తర్వాత ఆ పద్ధతి నగరంలోని ఇతర ఆసుపత్రులకూ విస్తరించింది. కేరళ ప్రభుత్వాసుపత్రుల్లో ఇలాంటివే ‘భూమిక’ కేంద్రాలు వెలిశాయి. బాధిత మహిళలకు సాయపడే మన సఖి కేంద్రాలు మంచివే. కానీ జిల్లా కేంద్రంలోని సఖి, మండలంలోని పీహెచ్‌సీకి వచ్చిన మహిళకు అందేదెలా?

చికిత్సతో పాటు నివారణా కావాలి. తరచూ తాగే భర్తలున్న ఇళ్లలో హింస, తాగని ఇళ్లకంటే చాలా ఎక్కువని కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. ఈ మూలాన్ని నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఏ సర్వే చేయకుండానే పట్టుకున్నారు. అక్షరాలు దిద్దుతూ సారా మీద కదిలారు. ఆ కదలిక నాటి ఉమ్మడి రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం తెచ్చింది. ఆ తల్లులు చేసింది అసలైన ప్రజారోగ్య కార్యక్రమం. మద్యం ఆదాయంతో ఖజానా నింపుకొంటున్న రెండు ప్రభుత్వాలకూ వారి ముఖం చూసే ధైర్యం ఉందా?

బోధనాసుపత్రి నుంచి పీహెచ్‌సీ దాకా సిబ్బందికి హింసను గుర్తించే శిక్షణ తప్పనిసరి చేయాలి. ప్రతి ఏరియా ఆసుపత్రిలో తలుపు మూసుకుని మాట్లాడే గది, ఒక కౌన్సెలర్ ఉండాలి. ఆశా, ఏఎన్ఎంల పనిలో బాధితులను గుర్తించడాన్ని చేర్చి, తగిన పారితోషికం, రక్షణ కల్పించాలి. బడిలోనే మగపిల్లలకు చేయెత్తడం తప్పని నేర్పాలి. మద్యం రాబడిలో కొంత వ్యసన విముక్తి కేంద్రాలకు కేటాయించాలి. వీటిలో అసాధ్యమైనది ఒక్కటీ లేదు.

గాయానికి కట్టు కట్టి, గాయం చేసిన చేతుల్లోకే ఆమెను తిరిగి పంపే ఆసుపత్రి తన ధర్మం తప్పినట్టే. ఆ ఆసుపత్రిని నడిపే ప్రభుత్వం ఆ తప్పులో మొదటి ముద్దాయి.